పిల్లల డాక్టర్లకు ఆన్‌లైన్ సీఎంఈ: సర్టిఫికెట్ వచ్చాక ఓపీలో ఏం మారుతోంది?

చిన్నపిల్లల_ఓపీ రాశారు:

పిల్లల వైద్యంలో ఉన్నవాళ్ళందరికీ నమస్కారం. ఆన్‌లైన్ సీఎంఈ (డాక్టర్లు ప్రాక్టీస్‌లో ఉంటూనే కొనసాగించే చదువు) గురించి మీ అనుభవం కావాలి. ఏ వెబినార్ బాగుంది, దేనికి ఎన్ని క్రెడిట్లు అన్నది పక్కన పెడదాం. అది విన్నాక మీరు పిల్లల్ని చూసే తీరులోనో, మందు రాసే తీరులోనో ఏమైనా మారిందా? నేను అడుగుతున్నది అదొక్కటే.

బ్రాంకియోలైటిస్ (వైరస్ వల్ల పసిపిల్లల ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గొట్టాలు వాచే జబ్బు) సంగతి తీసుకోండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2006 గైడ్‌లైన్‌లో సాల్‌బ్యుటమాల్ (గాలి గొట్టాలు తెరిచే మందు) ఒకసారి ఇచ్చి చూసి, గుణం కనిపిస్తే కొనసాగించే వెసులుబాటు ఉండేది. 2014లో ఆ వెసులుబాటు కూడా తీసేశారు. 1 నుంచి 23 నెలల పిల్లల్లో మామూలు బ్రాంకియోలైటిస్‌కి సాల్‌బ్యుటమాల్ వద్దు, ఎడ్రినలిన్ నెబ్యులైజేషన్ (మందుని పొగమంచులా చేసి పీల్పించడం) వద్దు, స్టెరాయిడ్లు వద్దు. ఈ మాట ఎన్ని వెబినార్లలో విన్నామో లెక్కే లేదు. అయినా నెబ్యులైజర్ పెట్టడం చాలాచోట్ల అలాగే సాగుతోంది. అంటే తెలియక చేస్తున్న పని కాదిది. రాత్రి క్లినిక్ మూసేవేళకి ఆయాసపడుతున్న పాపని ఎత్తుకుని అమ్మానాన్నలు పరుగెత్తుకొస్తే, ఆ కంగారులో "మందు అక్కర్లేదు, ముక్కు శుభ్రం చేసి, పాలు కొద్దికొద్దిగా పట్టించండి" అని చెప్పడం కష్టం. ఎలా చెప్పాలో, ఏం చూసుకుని ధైర్యంగా చెప్పాలో ఆ గంట వెబినార్‌లో ఎవరూ నేర్పలేదు. నేర్పిన పాఠం ఏదైనా మీకు ఎదురైందా?

ఎన్‌ఐసీయూ_నైట్ రాశారు:

సార్, నేను పురిటిబిడ్డల వైపు నుంచి చెప్తాను. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి మొదటి నిమిషం లోపలే బ్యాగ్ అండ్ మాస్క్ (ముఖానికి మాస్క్ ఆనించి సంచి నొక్కి ఊపిరి అందించడం) మొదలవ్వాలి. మాస్క్ ముఖానికి సరిగ్గా ఆనిందా, పక్కనుంచి గాలి పోతోందా, ఛాతీ లేస్తోందా అన్నది చేతికి తెలియాలి. స్క్రీన్ మీద ఎన్నిసార్లు చూసినా అది చేతికి రాదు.

వచ్చినది కూడా నిలవదు. రిససిటేషన్ (ఊపిరి, గుండె ఆగినవారిని తేరుకునేలా చేయడం) ట్రైనింగ్ మీద జరిగిన అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే. కొన్ని నెలలు గడిచేసరికి చేతి పని తగ్గిపోతుంది, చదివిన విషయం మాత్రం ఇంకొంత కాలం గుర్తుంటుంది. అందువల్ల ఆన్‌లైన్ పరీక్ష పెడితే మార్కులు బాగానే వస్తాయి, లేబర్ రూమ్‌లో చెయ్యి తడబడుతుంది. 2010లో మొదలైన హెల్పింగ్ బేబీస్ బ్రీత్ లాంటి శిక్షణల్లో కూడా ఒక్కరోజు కోర్సుతో సరిపెట్టకుండా, పనిచేసే చోటే బొమ్మ పెట్టుకుని తరచూ కాసేపు సాధన చేస్తేనే ఫలితం నిలుస్తుందని తేలింది.

అలాగని ఆన్‌లైన్ వద్దనను. మెకోనియం (బిడ్డ తొలి మలం) కలిసిన ఉమ్మనీటితో నీరసంగా పుట్టిన బిడ్డకి ప్రతిసారీ ట్యూబ్ వేసి సక్షన్ చేయక్కర్లేదని 2015లో మారింది. ఇలాంటివి చదివి తెలుసుకుంటే చాలు. ఏది చదివితే చాలు, ఏది చేత్తో చేయాలి అని విడదీసి చెప్పే సీఎంఈ కావాలి. రెండింటికీ ఒకే సర్టిఫికెట్ ఇవ్వడం నాకు నచ్చదు.

వారానికో_కేసు రాశారు:

ఆన్‌లైన్ అన్న పేరు పెట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని నా మనవి. ఆరోగ్యరంగంలో ఇంటర్నెట్ చదువుల మీద 201 అధ్యయనాలను కలిపి చూసిన పెద్ద సమీక్ష ఒకటి 2008లో జామా అనే అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. ఏమీ చదవనివాళ్ళతో పోలిస్తే లాభం చాలా ఉంది. క్లాసులో కూర్చుని చదివినవాళ్ళతో పోలిస్తే సగటున పెద్ద తేడా లేదు. కాబట్టి హాల్లో విన్నామా, ఫోన్‌లో విన్నామా అన్న గొడవ అనవసరం. ఆ గంటలో మనతో ఏం చేయించారన్నది చూడాలి.

నా మట్టుకు నాకు బాగా పనిచేసిన పద్ధతి ఒకటుంది. పాఠం కన్నా ముందే ప్రశ్న అడగడం. "తీవ్రమైన ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉన్న ఐదు నెలల పాపకి వేరుశనగ ఎప్పటినుంచి పెట్టమంటారు?" అని అడిగి, సమాధానం రాసేవరకు తర్వాతి పేజీ తెరవనివ్వకూడదు. 2000 ప్రాంతంలో చదువుకున్నవాళ్ళు ఎలర్జీ ముప్పున్న పిల్లలకి మూడేళ్ళు దాటాకే అంటారు, అప్పటి సలహా అదే మరి. 2008లో ఆ సలహాని వెనక్కి తీసుకున్నారు. 2015లో లీప్ ట్రయల్ వచ్చింది. ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్ని 4 నుంచి 11 నెలల వయసులో తీసుకుని, సగం మందికి వేరుశనగ తినిపించారు, సగం మందిని దూరంగా ఉంచారు. ఐదేళ్ళ వయసుకి చూస్తే తిన్నవాళ్ళలో వేరుశనగ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. ముందు ఒక సమాధానం రాసి, అది తప్పని తెలిశాక చదివిన డాక్టర్‌కి ఇది గుర్తుండిపోతుంది. నేరుగా స్లైడ్ చూసినవారికి ఉండదు.

రెండోది, అదే ప్రశ్న కొన్ని వారాల తర్వాత వేరే రూపంలో మళ్ళీ రావాలి. హార్వర్డ్‌లో ప్రైస్ కెర్‌ఫుట్ బృందం ఇలా ఈమెయిల్‌లో ప్రశ్నలు ఎడం ఇచ్చి పంపి రాండమైజ్డ్ ట్రయల్స్ (లాటరీ వేసినట్టు గుంపులుగా విడదీసి పోల్చే అధ్యయనాలు) చేసింది. ఒకేసారి కుక్కిన చదువుకన్నా ఇది ఎక్కువకాలం నిలిచింది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2019లో మోకా పీడ్స్ అని తెచ్చింది. పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాసే పెద్ద పరీక్షకి బదులు, మూడు నెలలకి 20 ప్రశ్నలు ఇంట్లో కూర్చుని, కావాలంటే పుస్తకం చూసుకుంటూ రాయొచ్చు. ఓపీలో మనం చేసేదీ అదే కదా, చూసుకునే రాస్తాం.

పీజీ_సెకండియర్ రాశారు:

సార్, చాలా మాడ్యూల్స్‌లో చివరి పరీక్ష ఎన్నిసార్లయినా రాయొచ్చు. తప్పయితే వెనక్కి వెళ్ళి ఇంకో ఆప్షన్ నొక్కితే పాస్. అలాంటివి చేయడం వల్ల ఉపయోగం ఉందంటారా?

వారానికో_కేసు రాశారు:

ఎందుకు తప్పో నాలుగు వాక్యాల్లో వివరిస్తే ఉపయోగం ఉందమ్మా. "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి" అని మాత్రమే వస్తే లేదు. నువ్వు ఇంకో పని చెయ్యి. సమాధానం నొక్కేముందు నీకు ఎంత నమ్మకమో ఒక కాగితం మీద రాసుకో. గట్టి నమ్మకంతో రాసినవి ఎక్కడ తప్పాయో అవే నువ్వు చదవాల్సినవి. డాక్టర్లకి తమ లోటు తమకి సరిగ్గా తెలియదని 2006లో జామాలోనే వచ్చిన ఒక సమీక్ష చూపించింది. మనకి ఇష్టమైన టాపిక్ సీఎంఈలకే మనం మళ్ళీ మళ్ళీ వెళ్తాం.

పిల్లల_న్యూరో రాశారు:

ఆన్‌లైన్‌కి హాలు కన్నా ఖచ్చితంగా మెరుగైన చోటు ఒకటుంది. పిల్లల రోగలక్షణాలు చాలావరకు కదిలేవి, వినిపించేవి. వాటిని మాటల్లో చెప్తే అందవు.

ఇన్ఫంటైల్ స్పాజమ్స్ చూడండి. 1841లో విలియం జేమ్స్ వెస్ట్ అనే డాక్టర్ తన సొంత కొడుకుకి వస్తున్న ఈ ఫిట్స్ గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికకి ఉత్తరం రాశారు. తల ముందుకి వంగడం, మళ్ళీ లేవడం, వరుసగా రావడం, అన్నీ అక్షరాల్లోనే వర్ణించారు. అప్పట్లో ఆయనకి ఇంకో దారి లేదు. మనకుంది. అయినా ఈ రోజుకీ మెడ ఒక్కసారి వాల్చి, చేతులు విదిలించి, కాళ్ళు ముడుచుకునే బిడ్డని "కడుపునొప్పి", "పాలు కక్కడం", "ఉలికిపాటు" అని చెప్పి పంపేస్తున్నారు. సాధారణంగా మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. నిద్రలేచిన వెంటనే వరుసగా రావడం పెద్ద గుర్తు. దీనికి మందులున్నాయి: ఏసీటీహెచ్ (ఇంజెక్షన్‌గా ఇచ్చే హార్మోన్), ఎక్కువ మోతాదులో నోటి స్టెరాయిడ్, విగాబట్రిన్. వారాలు గడిచేకొద్దీ బిడ్డ ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది కాబట్టి మొదటిసారి చూసిన డాక్టర్ గుర్తుపట్టడం మీదే అంతా ఆధారపడి ఉంది.

దీనికి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) గురించి గంట లెక్చర్ అక్కర్లేదు. పది చిన్న వీడియోలు కలిపి పెట్టండి. కొన్ని స్పాజమ్స్, కొన్ని మామూలు ఉలికిపాటు, ఒకటి నిద్రలో వచ్చే మామూలు కుదుపులు, ఒకటి పాలు పైకి తన్నినప్పుడు మెలికలు తిరగడం. ఏది ఏదో చెప్పమనండి. చెప్పాక వివరించండి. ఒక నెల తర్వాత వేరే వీడియోలతో మళ్ళీ పెట్టండి. కోరింత దగ్గులో చివర వచ్చే ఆ కూత, క్రూప్ అనే గొంతు వాపులో దగ్గు, స్ట్రైడార్ (ఊపిరి పీల్చేటప్పుడు వచ్చే గరుకు శబ్దం), వీజ్ (పిల్లికూత), ఇవన్నీ ఆడియోతో ఇలాగే చేయొచ్చు. వందమంది కూర్చున్న హాల్లో వెనక వరసలో ఉన్న డాక్టర్‌కి ఆ శబ్దం వినపడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవారికి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇలా నేర్చుకున్న డాక్టర్ "ఈసారి అలా వస్తే ఫోన్‌లో వీడియో తీయండి" అని తల్లిదండ్రులకి చెప్పడం అలవాటు చేసుకుంటారు. రోగనిర్ధారణలో సగం పని అక్కడే అయిపోతుంది.

జనరల్_ప్రాక్టీస్ రాశారు:

నేను పీడియాట్రీషియన్‌ని కాదండి. కానీ నా దగ్గరికొచ్చేవాళ్ళలో పిల్లలే ఎక్కువ. మా లాంటివాళ్ళ కోసం కూడా మాట్లాడండి.

నేను చూసిన పాఠాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది చాలా చిన్నది. స్క్రీన్ మీద పాప పడుకుని ఉంటుంది, చొక్కా పైకెత్తి ఉంటుంది, పక్కన గడియారం తిరుగుతుంది. నిమిషం మొత్తం శ్వాస లెక్కపెట్టి అంకె వేయాలి. ముప్పై సెకన్లు చూసి రెండుతో హెచ్చవేస్తే ఎంత తేడా వస్తుందో దాంట్లోనే చూపించారు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, ఆ అంకె గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వేగంగా తీస్తున్నట్టు. తర్వాత డొక్కలు ఎగరేయడం ఉందా లేదా అని వీడియోలు. ఆ తర్వాత అసలు ప్రశ్న: ఈ పిల్లని ఇంటికి పంపొచ్చా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పిల్లల న్యుమోనియా వర్గీకరణ మార్చింది. డొక్కలు ఎగరేస్తున్నా ప్రమాద లక్షణాలు లేకపోతే చాలామందికి నోటి ద్వారా ఎమాక్సిసిలిన్ ఇచ్చి ఇంటి దగ్గరే చూడొచ్చు. ఏమీ తాగలేకపోవడం, తిన్నదంతా కక్కడం, ఫిట్స్, మత్తుగా ఉండటం లాంటివి ఉంటే వెంటనే పంపేయాలి. ఇవి తెలిస్తే నాకు టెన్షన్ సగం తగ్గుతుంది.

కానీ ఎక్కువ వెబినార్లు వెంటిలేటర్ ఉన్నవాళ్ళు వెంటిలేటర్ ఉన్నవాళ్ళ కోసం చెప్పినట్టు ఉంటాయి. నా దగ్గర ఐసీయూ లేదు. ఆ పాఠం నేను పాటిస్తే మేలా కీడా కూడా నాకు అర్థం కాదు.

పీఐసీయూ_డ్యూటీ రాశారు:

మీరు చివర అడిగినది చాలా ముఖ్యమైనది సార్, నేను ఐసీయూ మనిషిని కాబట్టి నాకు ఇది రోజూ కనిపిస్తుంది.

2011లో ఫీస్ట్ ట్రయల్ వచ్చింది. కెన్యా, టాంజానియా, ఉగాండా దేశాల ఆస్పత్రుల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన లక్షణాలతో వచ్చిన 3,141 మంది పిల్లలు. బీపీ బాగా పడిపోయినవాళ్ళు, విరేచనాలతో నీరు కోల్పోయినవాళ్ళు, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్ళు ఈ లెక్కలో లేరు. వెంటనే ఐవీ బోలస్ (నరంలోకి తక్కువ సమయంలో ఎక్కువ ద్రవం ఎక్కించడం) ఇస్తే ప్రాణం నిలుస్తుందని అందరం నమ్మినదే. కానీ 48 గంటల్లో మరణాలు ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) ద్రవం బోలస్ ఇచ్చినవాళ్ళలో 10.6 శాతం, సెలైన్ బోలస్ ఇచ్చినవాళ్ళలో 10.5 శాతం, బోలస్ ఇవ్వనివాళ్ళలో 7.3 శాతం. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

ఆ తర్వాత 2020లో వచ్చిన పిల్లల సర్వైవింగ్ సెప్సిస్ గైడ్‌లైన్ (సెప్సిస్ అంటే ఇన్‌ఫెక్షన్‌కి శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) దారిని రెండుగా చీల్చింది. ఐసీయూ అందుబాటులో ఉంటే మొదటి గంటలో కిలోకి 10 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున, పిల్లని చూసుకుంటూ, మొత్తం 40 నుంచి 60 వరకు వెళ్ళొచ్చు. ఐసీయూ లేని చోట బీపీ బాగుంటే బోలస్ వద్దు, మెయింటెనెన్స్ ఫ్లూయిడ్స్ (రోజువారీ అవసరానికి సరిపడా నెమ్మదిగా ఎక్కించే ద్రవాలు) మొదలుపెట్టాలి. బీపీ పడిపోతే మాత్రం జాగ్రత్తగా 40 వరకు. అంటే ఒకే పిల్ల, ఒకే జబ్బు, ఉన్న చోటుని బట్టి చికిత్స మారుతుంది. ఇప్పుడు చెప్పండి, ఐసీయూలో కూర్చుని చేసిన వెబినార్‌లో మొదటి సగమే చెప్పి వదిలేస్తే, మీ క్లినిక్‌లో ఉన్న పిల్ల సంగతేంటి? స్పీకర్ మొదటి స్లైడ్‌లోనే "నేను చెప్పేది ఏ సదుపాయాలున్న చోటికి వర్తిస్తుంది" అని రాయాలి. రాయకపోతే ఆ సెషన్‌కి క్రెడిట్ ఇవ్వకూడదంటాను.

ఇంకోటి. 2024 జనవరిలో పిల్లల సెప్సిస్‌కి ఫీనిక్స్ నిర్వచనం వచ్చింది. 2005 నాటి ఎస్ఐఆర్ఎస్ పద్ధతి (జ్వరం, గుండె వేగం లాంటి లక్షణాలను లెక్కపెట్టడం) పోయింది. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉండి, శ్వాస, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టడం, మెదడు, ఈ నాలుగింటి స్కోర్ 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సెప్సిస్. వెబినార్లన్నీ ఆ స్కోర్ టేబుల్ చక్కగా చూపించాయి. అయితే ఈ స్కోర్ ముందుగా పసిగట్టడం కోసం పెట్టింది కాదు. స్కోర్ 2 వచ్చేదాకా ఆగి యాంటీబయోటిక్ మొదలుపెడదాం అనుకుంటే పిల్ల చేజారిపోతుంది. షాక్ (రక్తప్రసరణ బాగా పడిపోవడం) ఉంటే గంటలోపు యాంటీబయోటిక్ అన్న సలహా అలాగే ఉంది. టేబుల్ ఎవరైనా చదువుకుంటారు. దాన్ని ఎక్కడ వాడకూడదో చెప్పడానికే టీచర్ కావాలి.

మాడ్యూల్_టీమ్ రాశారు:

ఇలాంటి పాఠాలు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి రెండు మాటలు.

పిల్లల మాడ్యూల్ పెద్దవాళ్ళ మాడ్యూల్‌కి చిన్న సైజు కాకూడదు. అన్నిటికన్నా ముందు బరువు. ప్రతి కేసులోనూ కిలోలు ఇచ్చి, మోతాదు మిల్లీగ్రాముల్లో కట్టించి, దాన్ని మిల్లీలీటర్లలోకి మార్పించి, ఆ అంకెని వేలితో టైప్ చేయించాలి. నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటే లెక్క ఎవరూ వేయరు. పిల్లల మందుల్లో పదింతల పొరపాట్లు పుట్టేది ఈ మార్పిడిలోనే. దశాంశ బిందువు ఒక్కటి జరిగితే చాలు. ఒకే మందుకి డ్రాప్స్‌లో, సిరప్‌లో బలం వేరుగా ఉంటుంది కూడా. అందుకే మందు పేరుతో పాటు సీసా మీద ఉండే బలాన్ని కూడా ప్రశ్నలో పెడతాం.

చర్మం గురించి కూడా చెప్పాలి. దద్దుర్ల ఫొటోలు చాలా పుస్తకాల్లో తెల్లని చర్మం మీదవే. నల్లని చర్మం మీద ఎరుపు అంతగా కనపడదు. తట్టు, కవాసాకి (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) లాంటి జబ్బుల్లో దద్దు ఎలా ఉంటుందో, పచ్చకామెర్లు ఎక్కడ చూసి పట్టుకోవాలో అన్ని రకాల చర్మాల మీదా చూపించాలి. ఆన్‌లైన్‌లో పేజీల లెక్క లేదు, ఎన్ని ఫొటోలయినా పెట్టొచ్చు. పెట్టకపోవడానికి కారణం లేదు.

పిల్లల వీడియోల విషయంలో ఒక హెచ్చరిక. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ వాడకూడదు. ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా ఆ వీడియో నెట్‌లో ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో "ఈ రాష్ ఏంటి" అని ముఖం కనపడేలా ఫొటో పెట్టడం మనలో చాలామంది చేస్తున్నారు. ఆ అలవాటు మానుకుందాం.

తల్లిపాల_పక్షం రాశారు:

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. పిల్లల డాక్టర్లకి ఉచిత వెబినార్ అంటే వెనక ఎవరున్నారో చూడండి. పోతపాల కంపెనీలు మన చదువుల మీద ఖర్చు పెట్టడం కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే తల్లిపాలకి బదులుగా అమ్మే వాటి ప్రచారంపై అంతర్జాతీయ నియమావళి తెచ్చింది. 2016లో ఇంకా స్పష్టంగా చెప్పారు. పసిపిల్లల ఆహారం అమ్మే కంపెనీలు వైద్యుల సమావేశాలకి స్పాన్సర్‌గా ఉండకూడదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిక్స్ అండ్ చైల్డ్ హెల్త్ 2019లో ఆ డబ్బు తీసుకోవడం మానేసింది.

హాల్లో జరిగే సమావేశంలో అయితే బ్యానర్ కనపడుతుంది. ఆన్‌లైన్‌లో అది లాగిన్ పేజీ మూలన చిన్న లోగోగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. స్పీకర్ మాట్లాడేది ఆవుపాల ఎలర్జీ గురించో, పసిపిల్లల గ్యాస్ గురించో, నెలలు నిండని బిడ్డ తిండి గురించో అయితే నేను ముందు ఆ లోగో వెతుకుతాను. కనపడితే వినను.

టీకాల_గది రాశారు:

మేడమ్, మీ మాటతో గొడవ లేదు. కానీ స్పాన్సర్లు అందరూ ఒకటే అనలేం. స్పాన్సర్ లేకపోతే దూరాన ఉన్న చిన్న క్లినిక్ డాక్టర్ డబ్బు కట్టి చదవాలి. చదవడం మానేస్తారు. టీకా కంపెనీ డబ్బుతో జరిగినా, పాఠం మాత్రం స్వతంత్ర కమిటీ రాస్తే నాకు అభ్యంతరం లేదు.

తల్లిపాల_పక్షం రాశారు:

ఆ కమిటీ నిజంగా స్వతంత్రమో కాదో బయటివారికి తెలిసే దారి ఉండాలి సార్. స్పీకర్‌ని ఎవరు పిలిచారు, స్లైడ్లు ఎవరు చూశారు, ఎవరు డబ్బిచ్చారు, ఈ మూడూ రాసి పెట్టమనండి. డబ్బు కట్టక్కర్లేని మంచి చదువు కూడా ఉంది. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్ళు మొదలుపెట్టిన ఓపెన్ పీడియాట్రిక్స్ ఉచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోర్సులూ ఉచితమే. పోతపాల విషయంలో మాత్రం నేను రాజీపడను.

ఇద్దరు_పిల్లల_అమ్మ రాశారు:

నేను డాక్టర్‌ని కాదు, చదువుతూ ఆగలేకపోయాను. మా పిల్లల డాక్టర్ ఒకసారి మా ముందే ఫోన్ తీసి మోతాదు చూసి, లెక్క వేసి రాశారు. నాకు నమ్మకం పెరిగింది. మీలో కొందరు పేషెంట్ల ముందు చూడటానికి ఇబ్బంది పడతారని విన్నాను. దయచేసి పడకండి. మందు ఎందుకు ఇవ్వడం లేదో రెండు నిమిషాలు చెప్తే కూడా మాకు అర్థమవుతుంది. ఇంటికి వెళ్ళాక ఏం కనపడితే మళ్ళీ తేవాలో ఒక్కటి చెప్పండి చాలు. అది తెలియకే మేం మందు అడుగుతాం.

చిన్నపిల్లల_ఓపీ రాశారు:

అమ్మా, చాలా థాంక్స్. నేను మొదట అడిగిన ప్రశ్నకి ఇంత సూటిగా సమాధానం ఇంకెవరూ ఇవ్వలేదు. ఏం కనపడితే మళ్ళీ తేవాలి అన్న ఆ ఒక్క వాక్యాన్ని తల్లిదండ్రులతో ఎలా అనాలో సాధన చేయించే మాడ్యూల్ ఉంటే గైడ్‌లైన్ తనంతట తానే అమలవుతుంది.

గ్రూప్_కాల్ రాశారు:

ఎకో పద్ధతి గురించి ఎవరైనా చెప్తారని చూశాను. న్యూ మెక్సికో యూనివర్సిటీలో సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి (వైరస్ వల్ల వచ్చే కాలేయ వ్యాధి) కోసం మొదలుపెట్టారు. లెక్చర్ తక్కువ. దూరాన ఉన్న డాక్టర్లు వీడియో కాల్‌లో తమ సొంత కేసులు చెప్తారు, స్పెషలిస్టులూ మిగతా డాక్టర్లూ కలిసి చర్చిస్తారు, వారం వారం అదే గుంపు. 2011లో వచ్చిన అధ్యయనంలో అలా నేర్చుకుని వైద్యం చేసిన చిన్న క్లినిక్‌ల ఫలితాలు యూనివర్సిటీ క్లినిక్‌తో సమానంగా ఉన్నాయి.

పిల్లల్లో ఆటిజం కోసం కూడా ఇదే పద్ధతి పెట్టారు. 2020లో జామా పీడియాట్రిక్స్‌లో ఫలితం వచ్చింది. డాక్టర్లకి జ్ఞానం పెరిగింది, చేయగలమన్న నమ్మకం పెరిగింది. కానీ స్క్రీనింగ్‌లో, వైద్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నేను ఎకో అభిమానిని, అయినా ఇది చెప్పకుండా ఉండలేను. హెపటైటిస్‌లో మందు, పరీక్ష, గడువు అన్నీ తెలిసినవే. ఆటిజం స్క్రీనింగ్‌కి ఓపీలో సమయం కావాలి, ఫారం నింపే మనిషి కావాలి, తర్వాత పంపడానికి ఒక చోటు ఉండాలి. డాక్టర్ ఒక్కరికే పాఠం చెప్తే ఇవేవీ పుట్టుకురావు అని నా అనుమానం.

ఎన్‌ఐసీయూ_నైట్ రాశారు:

అందుకే పాఠంలో నర్సులు కూడా ఉండాలి. మా దగ్గర బ్యాగ్ అండ్ మాస్క్ మొదట పట్టుకునేది వాళ్ళే. సీఎంఈ అంటే డాక్టర్లకే అన్న గోడ పిల్లల వార్డులో అర్థంలేనిది. ఒకే కేసు, ఒకే స్క్రీన్, ఇద్దరూ కలిసి చేయాలి.

చిన్నపిల్లల_ఓపీ రాశారు:

ఇంతవరకు వచ్చాం కాబట్టి మనమే ఒకటి చేసి చూద్దాం. ఇష్టమున్న పదిమంది చాలు. ముందు ప్రతి ఒక్కరూ ఒక్క విషయం ఎంచుకోండి, ఉదాహరణకి విరేచనాలతో వచ్చిన పిల్లలకి జింక్ రాయడం. గడిచిన నెల చీటీల్లోంచి ఇరవై తీసి, ఎన్నిట్లో రాశారో లెక్కపెట్టండి. ఆ అంకె ఎవరికీ చెప్పక్కర్లేదు. తర్వాత వారానికి ఒక కేసు, ముందు సమాధానం, తర్వాత వివరణ. మూడు నెలలకి మళ్ళీ ఇరవై చీటీలు. మారిందో లేదో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది. సర్టిఫికెట్ ఉండదు. పిల్లల పేర్లు, ఫొటోలు ఉండవు.

టీకాల_గది రాశారు:

నేనున్నాను. టీకా వేయించమంటే వద్దన్న తల్లిదండ్రులతో మాట్లాడే కేసులు నేను పెడతాను. వాటిలో సమాధానం ఆప్షన్‌గా ఉండదు, మీరు అనబోయే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

జనరల్_ప్రాక్టీస్ రాశారు:

నేను కూడా. నర్సు గారిని కూర్చోబెట్టుకుని చేస్తాను, పర్వాలేదా?

చిన్నపిల్లల_ఓపీ రాశారు:

తప్పకుండా కూర్చోబెట్టుకోండి సార్. ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో తల్లికి చూపించేది వాళ్ళే కదా.

మొదటి కేసు ఇదిగో. 14 నెలల పాప, బరువు 9 కిలోలు. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు, రక్తం లేదు. చిరాకుగా ఉంది, కళ్ళు లోపలికి పోయాయి, కప్పు చూపిస్తే ఆత్రంగా తాగుతోంది, పొట్ట మీద చర్మం మడత పెట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్తోంది. మొదటి నాలుగు గంటల్లో ఎన్ని మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్? మధ్యలో వాంతి చేసుకుంటే ఏం చేస్తారు? తల్లిపాలు ఆపాలా? జింక్ ఎంత, ఎన్ని రోజులు? నాలుగు గంటల తర్వాత ఏం చూస్తారు? పుస్తకం చూడొచ్చు. పక్కవాళ్ళ సమాధానం మాత్రం ముందు చదవకండి, మీది నాకు మెసేజ్‌లో పంపండి. అందరివీ వచ్చాక వివరణ ఇక్కడే పెడతాను.

పీజీ_సెకండియర్ రాశారు:

పంపాను సార్. మిల్లీలీటర్లు లెక్క వేసి, పక్కన నమ్మకం ఎంతో కూడా రాశాను.